టికెట్టు లేని జేబు

కుళాయి కింద బకెట్టు నిండుతుంటే జేబులక్క మొగుడి ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి తడిమింది. ఏమీ తగల్లేదు. రెండో జేబుని బయటికి లాగి దులిపింది. ఒక నూలుపోగు రాలింది, అంతే. ఆ ప్యాంటుని నీళ్లలో ముంచకుండా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు పెద్దగా లేరు. డ్రైక్లీనింగు షాపులో కౌంటరు ఆమెది. ఎవరు బట్టలు తెచ్చినా వాళ్ల ఎదురుగానే జేబులన్నీ వెతికి, దొరికింది దొరికినట్టు వాళ్ల చేతిలో పెట్టి, అప్పుడు రసీదు రాస్తుంది. తాళంచెవులు, మాత్రలు, సినిమా టికెట్లు, ఒకసారి కట్టుడు పన్ను కూడా దొరికింది. అలా జేబులక్క అయింది. వీధిలోవాళ్లూ అదే పేరు పట్టుకున్నారు, ఆమె కూడా కాదనలేదు.

పరాయివాళ్ల జేబులే అంతగా చదివే మనిషికి సొంత మొగుడి జేబులు కొట్టిన పిండి. కుడి జేబులో చేతిరుమాలు, ఎడమ జేబులో ఉండచుట్టిన బస్సు టికెట్లు. "ఆ చెత్త బయటే పారెయ్యొచ్చుగా" అని ఏళ్ల తరబడి మొత్తుకున్నా ఆయన మారలేదు. అలాంటిది కొన్ని నెలలుగా ఆ జేబులో ఒక్క టికెట్టు కూడా ఉండటం లేదు. వారం వారం బస్సు డబ్బులు మాత్రం లెక్కపెట్టి తీసుకుంటున్నాడు.

"ఏంటి అలా నిలబడ్డావు? నీళ్లు పొర్లిపోతున్నాయి చూడు" అన్నాడు ఫ్రేములాయన, గోడకున్న చిన్న అద్దంలో గడ్డం గీసుకుంటూ. ఆయనకి ఒకప్పుడు సొంతంగా ఫొటో ఫ్రేముల షాపు ఉండేది. ఇప్పుడు ఇంకొకరి షాపులో అదే పని జీతానికి చేస్తున్నాడు. షాపు పోయింది గానీ పేరు మిగిలింది.

జేబులక్క కుళాయి కట్టేసింది. "బస్సులు బాగానే దొరుకుతున్నాయా మీకు?"

"ఆ, దొరుకుతున్నాయి."

"రద్దీగా ఉంటున్నాయా?"

"మామూలే. ఎప్పుడూ ఉండేదేగా."

"మరి సీటు?"

"ఒక్కోరోజు దొరుకుతుంది, ఒక్కోరోజు దొరకదు. ఏంటివాళ పొద్దున్నే బస్సు మీద పడ్డావు?" అని నవ్వాడు. ఆ నవ్వు గడ్డం నురగ దాటి పైకి రాలేదు.

టీ గబగబా తాగి, ఇంకా బోలెడు టైముండగానే బయల్దేరాడు. త్వరగా వెళ్తే సీటు దొరుకుతుందట! జేబులక్క కిటికీ రెక్క కొంచెం తెరిచి చూసింది. వీధి చివర బస్టాపు ఎడమవైపు. ఆయన ఒకసారి వెనక్కి చూసుకుని కుడివైపు తిరిగాడు.

ఒక్కసారి మోసపోయిన మనిషికి మొగుడు కుడివైపు తిరగడం కూడా చిన్న విషయం కాదు.

ఏడాదిన్నర క్రితం సంగతి అది. ఒక పెద్దమనిషి కోటు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఆమె అలవాటుగా జేబులు వెతకబోతే, "అందులో ఏమీ లేదమ్మా. మీవారు ఫోనెత్తడం లేదు, అందుకని మీ దగ్గరికొచ్చాను" అన్నాడు. బ్యాంకు నుంచి వచ్చాడట. షాపులో నలుగురు నిలబడి ఉన్నారు. అప్పటిదాకా ఫ్రేముల షాపు గిరాకీ లేక మూసేశారనే ఆమెకి తెలుసు. దాన్ని నిలబెట్టడానికి బ్యాంకులోను తీసుకున్నాడనీ, ఆ వాయిదాలు కట్టడానికి కార్డు గీకాడనీ, అద్దాలు సరఫరా చేసే వ్యాపారికి కూడా బాకీ పడ్డాడనీ ఆ కోటాయన చెప్తే తెలిసింది. పరాయి మనిషి నోటి నుంచి, అదీ నలుగురి ముందు! అప్పు కన్నా అదే ఆమెని ఎక్కువ కాల్చింది.

ఆ రోజు ఇంటికి వచ్చి ఏడవలేదు, అరవలేదు. "అన్నీ చెప్పండి. ఒక్కటి కూడా మిగలకూడదు" అంది. ఆయన చెప్పాడు. "ఇంకేమైనా అప్పుందా?" అంటే లేదన్నాడు. పక్కనే ఉన్న కూతురి నెత్తిన చెయ్యి పెట్టి మరీ ఒట్టేశాడు. అప్పుడు జేబులక్క ఒకే ఒక్క మాట అంది: "వీటిని నేను తీరుస్తాను, మీతో కలిసి తీరుస్తాను. కానీ ఇంకొక్క అప్పు దాచారని తెలిస్తే, పాపని తీసుకుని వెళ్లిపోతాను. బతిమాలినా ఆగను."

ఆ మాట ఎంత నిజంగా అందో ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున వంటింటి బల్ల మీద కవర్ల పంపకం. ఇద్దరి జీతాలూ అక్కడికే రావాలి. అద్దె, సరుకులు, కరెంటు, బస్సు, మందులు ఒక్కో కవరులోకి వెళ్లగా, బ్యాంకు కవరు అన్నిటికన్నా బలిసి కూర్చునేది. సబ్బు బిళ్లని దారంతో రెండు ముక్కలు చేశారు. టీవీ కనెక్షన్ తీయించారు. ఆయన జుట్టు ఆమే కత్తిరించేది, ఒకవైపు మెట్టు పడినా సరే. సరదా అని కూడా ఒక కవరు పెట్టింది. అందులో చిల్లర తప్ప ఏమీ ఉండేది కాదు, దాన్ని ఏం చేయాలా అని ముగ్గురూ గంటసేపు వాదించుకునేవాళ్లు, చివరికి అదీ బ్యాంకు కవరులోకే పోయేది. అద్దాల వ్యాపారి బాకీ తీరిపోయింది. కార్డు చివరికొచ్చింది. ఇంత కష్టపడి ఒడ్డుకి చేరుతుంటే ఈ మనిషి కుడివైపు తిరగడమేంటి?

షాపులో ఆమె ముఖం చూడగానే ఇస్త్రీ పిన్ని పట్టేసింది. అరవై దాటినా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగదు, నోరు అసలే ఆగదు.

"ఏమైందే? తెల్లచొక్కా మీద సిరా మరక చూసినట్టుంది నీ మొహం."

జేబులక్క చెప్పకూడదనుకుంది. చెప్పేసింది.

ఇస్త్రీ పిన్ని ఆవిరి బుస్సుమనిపించి ఆలోచించింది. "తాగుడా?"

"వాసన తెలీదా నాకు?"

"పేకాటా?"

"ముక్కల పేర్లు కూడా రావు ఆయనకి."

"పోనీ, ఎవరైనా మనిషి..."

"పిన్నీ! బస్సు డబ్బులతోనా? ఆ డబ్బులకి ఏ మనిషి వస్తుంది?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఇస్త్రీ పిన్ని గొంతు తగ్గించింది. "వారం వారం తీసుకుంటున్నాడు, వారం వారం ఎవరికో ఇస్తున్నాడు. అంటే వారం వాయిదా కడుతున్నాడన్నమాట. మా మరిది ఇలాగే చేశాడు. ఆయన పేరు మీద ఎవడూ అప్పివ్వడు కదా, అందుకని కొడుకు పేరు మీద తెచ్చాడు. పాపం ఆ కుర్రాడికి సంతకం పెట్టిన కాగితమేంటో కూడా తెలీదు. ఉద్యోగంలో చేరాక మొదటి జీతంలోంచే కోత మొదలైంది. మీ పాపకి బ్యాంకు అకౌంటు ఉందా?"

"ఉంది. జెరాక్సు షాపు జీతం అందులోనే పడుతుంది."

"అయితే కాస్త చూసుకో. నేనేం అనడం లేదు, చూసుకో అంటున్నా" అని ఇస్త్రీ పిన్ని మళ్లీ పెట్టె అందుకుంది.

అంత అన్నాక ఇంకా అనడానికి ఏం మిగిలింది! ఆ రోజు జేబులక్క ఒకరి రసీదు ఇంకొకరి కోటుకి తగిలించింది. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు.

పాపకి ఇరవై దగ్గరపడుతున్నా ఆ ఇంట్లో పాపే. కాలేజీ అయ్యాక సాయంత్రాలు జెరాక్సు షాపులో పని చేస్తుంది. ఆ జీతం మీద మాత్రం ఎవరూ చెయ్యి వేయకూడదని జేబులక్కే నియమం పెట్టింది. అది లాప్‌టాప్ కోసం. పాప డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టి చాలా కాలమైంది. లాప్‌టాప్ మాత్రం రాలేదు.

"ఎప్పుడు కొంటున్నావే?" అని ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ అడిగింది, ఏదో మామూలుగా అడిగినట్టు.

"కొత్త మోడల్ వస్తుందంటమ్మా. ఆగుతున్నాను."

"పోయినేడాదీ ఇదే అన్నావు."

"పోయినేడాదిది పాతబడిపోయింది కదా" అంటూ పాప పుస్తకాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది. కూతురు అలా తప్పించుకుని వెళ్లడం కూడా జేబులక్కకి కొత్తగా కనిపించింది. ఇదివరకు ఎన్నిసార్లు అలా వెళ్లిందో లెక్కేసుకుంటూ కూర్చుంది.

శనివారం సాయంత్రం పాప స్నానానికి వెళ్లింది. విడిచిన కుర్తా ఉతికే బట్టల్లో పడుంది. కూతురి జేబు వెతకడం తప్పని ఆమె మనసుకి తెలుసు, ఉతికేముందు చూడటం తన పనేగా అని చెయ్యి సర్దిచెప్పుకుంది. వేళ్లకి గట్టిగా, సన్నగా ఏదో తగిలింది. బయటికి తీసింది. నోట్లు. నిలువుగా మడిచి, మళ్లీ మడిచి, ఇంకోసారి మడిచి, సన్నటి పట్టీలా చేసి ఉన్నాయి.

నోట్లని వెలుతురులోకి పట్టుకుని ఆ మడతని చూసింది. అలా కాగితం మడిచే మనిషి ఒక్కడే తెలుసు ఆమెకి. ఫ్రేములో బొమ్మ వదులుగా ఉండి కదులుతుంటే, కాగితాన్ని అలాగే మూడు మడతలు పెట్టి అంచులో దోపుతాడు ఫ్రేములాయన. ఇంట్లో కదిలే బల్ల కాలు కింద అదే మడత, కొట్టుకునే తలుపు సందులో అదే మడత. ఇది ఆయన ఇచ్చిన డబ్బు. బస్సెక్కకుండా నడిచి, మిగిల్చి, దొంగచాటుగా కూతురి చేతిలో పెడుతున్న డబ్బు. కూతురు దాన్ని తీసుకెళ్లి ఎక్కడో కడుతోంది. ఎక్కడ కడుతుంది, తన పేరు మీద ఉన్న అప్పుకి కాకపోతే?

ఆమె నోట్లని ఆ మడత మీదే కొంగులో ముడేసుకుంది. పాప స్నానం చేసి వచ్చి కుర్తా కోసం వెతుక్కుంది, బకెట్లో నానుతుంటే చూసింది, తల్లి ముఖం వైపు చూసింది. ఏమీ అడగలేదు. అడగకపోవడమే జేబులక్కకి సాక్ష్యమైపోయింది. బీరువా పైనున్న బట్టల పెట్టె దించి దుమ్ము తుడిచి మంచం కింద పెట్టుకుంది.

ఆదివారం పొద్దున ముగ్గురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. కిటికీలోంచి ఎండ కవర్ల మీద పడుతోంది. జేబులక్క ఎప్పటిలాగే అద్దె పెట్టింది, సరుకులు పెట్టింది, కరెంటు పెట్టింది. బస్సు కవరు తీసి బోర్లించి పక్కన పెట్టేసింది.

"ఈ వారం నుంచి ఇందులో ఏమీ పెట్టడం లేదు."

"అదేంటి? నేను పనికెలా వెళ్లను?" అన్నాడు ఫ్రేములాయన.

"ఇన్నాళ్లూ ఎలా వెళ్తున్నారో అలాగే వెళ్లండి."

ఆయన చెయ్యి టీ గ్లాసు దగ్గరే ఆగిపోయింది. పాప తల దించుకుంది. జేబులక్క కొంగుముడి విప్పి నోట్ల పట్టీని బల్ల మీద పెట్టింది.

"ఇది ఎవరి మడతో చెప్పండి."

పాప చెయ్యి చాపి పట్టీని అందుకోబోతే జేబులక్క అడ్డం పెట్టింది.

"అడిగేది మిమ్మల్నే. మీ నోటితో వింటాను ఈసారి. ఏ కోటాయనో వచ్చి నలుగురిలో చెప్పేదాకా ఆగను. పాప పేరు మీద ఎంత తెచ్చారు?"

"పాప పేరు మీదా?" ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశాడు.

"నటించకండి. మీకెవరూ ఇవ్వరు కాబట్టి దాని పేరు మీద తెచ్చారు. మీరు నడిచి మిగిల్చి ఇస్తే ఇది వెళ్లి వాయిదా కడుతోంది. నేనేమో ఇక్కడ సబ్బు ముక్కలు చేసుకుంటూ అప్పు తీరిపోతోందని మురిసిపోతున్నాను! దాని జీవితం ఇంకా మొదలే కాలేదు. అప్పుడే దాని మెడకి మీ బరువు కట్టారా? తండ్రి చేసే పనేనా ఇది?"

"అమ్మా, ఆగు."

"నువ్వు మాట్లాడకు. సంతకం పెట్టేటప్పుడు నేను గుర్తుకు రాలేదా నీకు?"

"నేను ఏ సంతకమూ పెట్టలేదు." పాప తలెత్తింది. "నా పేరు మీద కాదమ్మా. నా దగ్గర."

జేబులక్కకి ఆ మాట వెంటనే తలకెక్కలేదు.

"నాన్న తీసుకుంది నా దగ్గర. నా లాప్‌టాప్ డబ్బులు."

"పాపా, నువ్వు లోపలికెళ్లు" అన్నాడు ఫ్రేములాయన.

"వెళ్లను నాన్నా. అమ్మ ఇంకేదేదో ఊహించుకుంటోంది, చూస్తున్నావుగా. అమ్మా, షాపు మూసేసే వారంలో అద్దాలు కోసే తాత లేడూ, ఆయనకి రెండు నెలల జీతం బాకీ. షాపు అద్దెకిచ్చిన ఓనరుకి తాళాలిచ్చే రోజు ఆయన వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఏమీ అడగలేదు, ఊరికే కూర్చున్నాడు. నేను నాన్నకి సాయంగా సామాను సర్దుతున్నాను. నేనే ఇచ్చాను డబ్బులు. నాన్న అడగలేదు."

"అడిగాను" అన్నాడు ఫ్రేములాయన.

పాప ఆయన వైపు చూసింది.

"అది నన్ను కాపాడాలని చెప్తోంది. నేనే అడిగాను. మిగతావాళ్లందరికీ బాకీ పెట్టి మూయగలిగాను గానీ, ఆ ముసలాయన జీతం ఎగ్గొట్టి మూయలేకపోయాను. ఇంకెవరూ ఇచ్చేవాళ్లు లేరు. దీని దగ్గరుందని తెలుసు. అడిగాను. ఇచ్చేసింది. ఎప్పుడిస్తావని కూడా అడగలేదు."

జేబులక్క కుర్చీలో వెనక్కి ఆనుకుంది. భయపడినదాని కంటే ఇది చాలా చిన్నది. ఆ ఊరట వచ్చినట్టే వచ్చి, దాని వెనకే కోపం తన్నుకొచ్చింది.

"ఒట్టేశారు మీరు. దీని నెత్తినే చెయ్యి పెట్టి, ఇంకే అప్పూ లేదని ఒట్టేశారు. దీని దగ్గర అప్పుంచుకుని, దీని మీదే అబద్ధపు ఒట్టు!"

"అబద్ధం కాదు. అప్పు లేదన్నాను."

"మరి ఇదేంటి?"

ఆయన బల్ల మీది పట్టీని వేలితో కాస్త పక్కకి జరిపాడు. "ఇది... చేబదులు."

"ఏంటీ?"

"చేబదులు. కాగితం లేదు, వడ్డీ లేదు. రేపో ఎల్లుండో ఇచ్చేస్తాను కదా అని తీసుకున్నది. నువ్వు అప్పులు చెప్పమన్నావు. అప్పులన్నీ చెప్పాను."

జేబులక్కకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. చక్కెర నిండుకుంటే పక్కింటి నుంచి గిన్నెడు తెచ్చుకునేదానికి వాడే మాట అది. బస్సులో చిల్లర లేక పక్క సీటులోని మనిషి దగ్గర తీసుకుని సాయంత్రం ఇచ్చేసేదానికి వాడే మాట. ఏడాదిన్నర పాటు ఒక మగమనిషి ఆ చిన్న మాట చాటున దాక్కున్నాడు!

"సిగ్గు లేదూ మీకు, ఆ మాట అనడానికి?"

"ఉంది కాబట్టే అన్నాను" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "కన్నకూతురి దగ్గర అప్పు చేశానని నాకు నేను చెప్పుకుంటే, దాని ఎదురుగా కూర్చుని ముద్ద మింగలేను. చేబదులనుకుంటే కాస్త ఊపిరాడేది. త్వరలో ఇచ్చేస్తాను, ఇచ్చేస్తే అసలు తీసుకోనట్టే కదా అనుకునేవాణ్ణి. ఇంట్లో ప్రతి పైసాకీ కవరుంది. ఏ కవర్లోంచి తీసినా నీకు తెలుస్తుంది. నాది అని చెప్పుకోదగ్గది ఒక్క బస్సు టికెట్టే ఉంది. అందుకే నడిచాను."

"నాకు చెప్తే ఏం? అద్దాల తాత జీతమంటే నేను కాదనేదాన్నా? నేను ఇచ్చేదాన్ని కానా?"

ఈసారి జవాబు పాప చెప్పింది. "ఎలా చెప్తాడమ్మా? ఇంకొక్కటి తెలిస్తే నన్ను తీసుకుని వెళ్లిపోతానన్నావు. ఆ ఇంకొక్కటి నా దగ్గర తీసుకున్నదే. నేను చెప్పినా వెళ్లిపోతావు, నాన్న చెప్పినా వెళ్లిపోతావు. నేను ఇచ్చిన డబ్బుకి మన ఇల్లు రెండు ముక్కలవుతుందంటే నేనెలా నోరు తెరవను? ఆ రోజు నాన్న నా నెత్తిన చెయ్యి పెడితే ఆ చెయ్యి ఎంత వణికిందో నీకు కనపళ్లేదు. నాకు తెలిసింది. నేనూ నాన్నతో పాటు అబద్ధం ఒట్టేసినట్టే అనిపించింది. అప్పట్నుంచి నువ్వు నా వైపు చూస్తే చాలు, ఎక్కడ అడిగేస్తావో అని భయం."

చెప్తూ చెప్తూనే పాప ఏడ్చేసింది. చిన్నప్పటిలా చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నిన్న సాయంత్రం కుర్తా బకెట్లో చూసి కూడా ఆ పిల్ల ఎందుకు అడగలేదో జేబులక్కకి ఇప్పుడు తెలిసింది.

జేబులక్క లేచి బయట గుమ్మం దగ్గరికి వెళ్లింది. అక్కడ నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే ఆయన బూట్లు కనిపించాయి. వంగి ఒకటి చేతిలోకి తీసుకుంది. అడుగు అరిగి వేలు పట్టేంత చిల్లు పడింది. లోపల ఫ్రేములకి వాడే అట్టని పాదం కొలతకి కత్తిరించి పరుచుకున్నాడు. అట్ట కూడా నలిగి మెత్తబడింది. రోజూ ఆమె ఆ బూట్ల పక్క నుంచే నడిచి వెళ్లి ఆయన జేబులు వెతికింది. ఒక్కరోజైనా "ఎందుకు నడుస్తున్నారండీ" అని అడిగి ఉంటే ఏం పోయేది? అడగడానికి ఆమెకి నోరు రాలేదు. వెతకడానికి మాత్రం చేతులు ఇట్టే వచ్చాయి. పెట్టె దించి మంచం కింద పెట్టుకున్న సంగతి గుర్తొచ్చి ఆమెకే సిగ్గేసింది. ఆ బూటుని ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.

ఏడుపు తగ్గాక లోపలికి వచ్చింది. తండ్రీ కూతుళ్లు బల్ల దగ్గర కదలకుండా అలాగే ఉన్నారు. తీర్పు కోసం కూర్చున్నట్టున్నారు ఇద్దరూ.

"మీరు చేసింది తప్పే" అంది జేబులక్క. "చిన్నదైనా తప్పే. నన్ను పక్కన పెట్టి నా కూతుర్ని మీ రహస్యంలో కలుపుకున్నారు. అది నాకు తేలిగ్గా మానదు."

ఆయన తలూపాడు.

"నేను చేసిందీ తప్పే. వెళ్లిపోతానని చెప్పి మీ ఇద్దరి నోళ్లూ నేనే నొక్కేశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇక ఎన్నడూ అనను." బల్ల మీది నోట్ల పట్టీని పాప వైపు జరిపింది. "ఇంకెంత ఇవ్వాలి పాపకి?"

"సగం పైనే తీరింది" అన్నాడాయన.

"మిగిలింది వదిలేయ్ నాన్నా" అంది పాప ముక్కు తుడుచుకుంటూ. "నాకు వద్దు. నేను పరాయిదాన్నా? లాప్‌టాప్ నేనే మెల్లగా కొనుక్కుంటాను."

"వద్దనకు" అంది తల్లి. ఎంత గట్టిగా అందంటే పాప ఉలిక్కిపడింది. "మీ నాన్న చెప్పుల్లేని కాళ్లతో నడిచినట్టు నడిచి తీర్చాడు అది. వద్దంటే ఇన్నాళ్లు నడిచిందంతా ఏమైపోవాలి? ప్రతి పైసా నువ్వు తీసుకోవాలి. నవ్వుతూ తీసుకోవాలి. కానీ ఇకమీదట ఆయన నడవరు. బ్యాంకుకి వెళ్లే దాంట్లోంచి కొంచెం తగ్గించి నీకిస్తాం. బ్యాంకు నాలుగు నెలలు ఆలస్యంగా సంతోషిస్తే మన కొంపేం మునగదు."

పాప నవ్వబోయి మళ్లీ ఏడ్చింది. ఫ్రేములాయన లేచి భార్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెయ్యి పట్టుకోవాలని ఉంది, పట్టుకోవచ్చో లేదో తెలియక ఊరుకున్నాడు.

"చేబదులు అన్న మాట ఇంకెప్పుడూ అనకండి నాతో" అంది ఆమె, ఆయన కళ్లలోకి చూస్తూ. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇప్పుడు చెప్పండి. పాప ముందే."

ఆయన కూతురి వైపు చూశాడు. ఏడాదిన్నరగా గొంతులో అడ్డంపడి ఉన్న మాట, చివరికి చిన్నగా బయటికొచ్చింది.

"నేను... పాపకి అప్పున్నాను."

జేబులక్క ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఉన్నాను కాదండీ" అంది. "ఉన్నాం."